కలకత్తా దసరా పందిళ్ళు: వెదురు, తాడు, మనుషులు

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన కార్యదర్శి గారు ఫోను చేసినప్పుడు, "పెన్షను లెక్కల మీద వ్రాయనా, కరువు భత్యం మీద వ్రాయనా?" అని అడిగాను. "అవి ప్రతి సంచికలోనూ వస్తూనే ఉన్నాయి కదండీ! మీరు కలకత్తాలో పదిహేనేళ్ళు ఉండి వచ్చారు. అక్కడి దసరా గురించి వ్రాయండి. ఇంట్లో పిల్లలు కూడా చదువుతారు" అన్నారు. సరేనన్నాను. అయితే దుర్గమ్మవారి గురించి వ్రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను అమ్మవారిని కూర్చోబెట్టే పందిరి గురించి వ్రాస్తాను. దానికి ఒక కారణం ఉంది. అది చివర చెబుతాను.

నేను 1966లో వాల్తేరులో ఆగ్నేయ రైల్వే అకౌంట్సు శాఖలో గుమాస్తాగా చేరాను. 1955లో ఏర్పడిన ఆ రైల్వేకు ప్రధాన కార్యాలయం కలకత్తాలోని గార్డెన్ రీచ్. 2003లో వాల్తేరు డివిజను తూర్పు కోస్తా రైల్వేలో కలిసేవరకూ మనవాళ్ళకు బదిలీ అంటే ఖరగ్‌పూరు, కాకపోతే గార్డెన్ రీచ్. 1974లో నాకూ ఆ ఉత్తర్వు వచ్చింది. భార్యను, ఇద్దరు పిల్లలను, ఒక ఆవకాయ జాడీని వెంటబెట్టుకుని హౌరాలో దిగాను. తిరిగి వాల్తేరు వచ్చింది 1989లో.

మాట మనదే

వెళ్ళిన కొత్తలో బెంగాలీలు 'ప్యాండెల్, ప్యాండెల్' అంటుంటే అదేదో ఇంగ్లీషు మాట అనుకున్నాను. తరువాత తెలిసింది, అది తమిళుల 'పందల్'. మన 'పందిరి'కి తోబుట్టువు. దక్షిణాదిన తెల్లదొరలు విని తమ భాషలో కలుపుకున్నారు. అది వాళ్ళ వెంట కలకత్తా చేరింది. 'మేస్త్రి' అన్న మాట సంగతీ ఇంతే. పోర్చుగీసువారి నుంచి మనకూ వచ్చింది, వాళ్ళకూ వచ్చింది. వాళ్ళు 'మిస్త్రీ' అంటారు. భాష రాని రోజుల్లో ఈ రెండు మాటలే నాకు ఆ పనివాళ్ళతో స్నేహం కలిపాయి.

ఆచారం కూడా దగ్గరగానే కనిపించింది. మన ఇళ్ళలో పెళ్ళికి పందిరి రాట వేస్తాం కదా! పసుపు రాసి, కుంకుమ పెట్టి, మామిడి మండ కట్టి మొదటి రాట పాతుతాం. అక్కడ దసరా పందిరికి మొదటి వెదురు గడ నిలబెట్టేటప్పుడు 'ఖుటి పూజ' చేస్తారు. ఖుటి అంటే గుంజ. చాలాచోట్ల రథయాత్రనాడు, అంటే పండుగకు మూడు నెలల ముందే, ఆ పూజ జరుగుతుంది. కొత్త ఊళ్ళో అది చూసి మా ఆవిడ "ఇదీ మన ఊరేనండీ" అంది.

ఇంటి నుంచి వీధికి

కలకత్తాలో దుర్గాపూజ మొదట వీధి పండుగ కాదు, జమీందార్ల ఇంటి పండుగ. శోభాబజారు నవకృష్ణ దేవ్ ఇంట 1757లో మొదలైన పూజ ప్రసిద్ధమైనది. అటువంటి పెద్ద ఇళ్ళలో పూజకోసం స్తంభాలతో కట్టిన శాశ్వతమైన మండపం ఉంటుంది. దాన్ని ఠాకూర్ దాలాన్ అంటారు. మండపం ఉంది కాబట్టి పందిరితో పనిలేదు.

గుప్తిపాడా అనే ఊళ్ళో పన్నెండుమంది స్నేహితులు కలిసి చందాలు వేసుకుని సొంతంగా పూజ చేశారని, అది 1790లో జరిగిందని చెప్పుకుంటారు. పన్నెండుమంది మిత్రులు కనుక అటువంటి పూజకు 'బారోవారి' అన్న పేరు వచ్చింది. కలకత్తా నగరంలో 1910లో భవానీపూరులో అటువంటి ఉమ్మడి పూజ చేశారు. 1926లో సిమ్లా వ్యాయామ సమితి 'సార్వజనీన' పూజ పెట్టి, కులం అంతస్తు చూడకుండా అందరికీ తలుపు తీసింది. స్వాతంత్ర్యోద్యమం రోజులవి. బాగ్‌బజారు పూజా సంఘానికి సుభాస్ చంద్రబోసు అధ్యక్షుడుగా ఉన్నారు. కర్రసాము ప్రదర్శనలు, స్వదేశీ వస్తువుల అంగళ్ళు పూజలో భాగమయ్యాయి.

చందాలు వేసుకున్నవారికి దేవిడీలు లేవు, దాలాన్లు లేవు. ఉన్నది వీధి, లేదా పార్కు. అమ్మవారికి నీడ కావాలి. వచ్చే జనానికీ నీడ కావాలి. అయిదు రోజుల తరువాత ఆ జాగా ఖాళీ చేయాలి. అంటే త్వరగా లేవాలి, గట్టిగా నిలవాలి, మచ్చ లేకుండా పోవాలి. ఈ మూడూ చేయగలిగింది బెంగాలు పల్లెల్లో ప్రతి చెరువు గట్టునా పెరిగే వెదురు ఒక్కటే. పందిరి కళ అంతా ఆ అవసరంలోంచే పుట్టింది.

మొదట్లో నాలుగు గడలు, పైన చాందినీ. 1930లలో కుమార్తులి శిల్పి గోపేశ్వర్ పాల్ ఒకే చట్రంలో ఉండే అయిదు విగ్రహాలను విడదీసి, దేనికది వేరుగా నిలబెట్టే పద్ధతి తెచ్చాడు. విగ్రహాలు విడివడేసరికి వేదిక వెడల్పయింది. దానితో పందిరీ పెరిగింది. నేను వెళ్ళేనాటికి వెదురుతో, గుడ్డతో కోటలు, రాజభవనాలు, దేశంలోని పేరున్న గుడులు నిలబెడుతున్నారు. కాలేజీ స్క్వేరులో చెరువు ఒడ్డున కట్టిన పందిరి దీపాలతో నీళ్ళలో తల్లక్రిందులుగా కనిపించేది. ఆ దీపాలు అమర్చేవారు చందన్‌నగర్ నుంచి వచ్చేవారు.

గాంధీగారి వెదురు నగరాలు

ఇక్కడ ఒక్క మాట ప్రక్కకు వెళ్ళి చెప్పాలి. వెదురును పేదవాడి వస్తువుగా కాక, గౌరవంగా దేశం ముందు నిలబెట్టినవారు గాంధీగారు, చిత్రకారుడు నందలాల్ బోసు. 1936 డిసెంబరులో మహారాష్ట్రలోని ఫైజ్‌పూరులో కాంగ్రెసు మహాసభ జరిగింది. పల్లెటూళ్ళో జరిగిన మొదటి మహాసభ అదే. అక్కడ దొరికే వెదురు, గడ్డి వంటి వాటితోనే అలంకరణ అంతా జరగాలని గాంధీగారు కోరారు. శాంతినికేతనం నుంచి నందలాల్ బోసు వచ్చి ఆ పని చేశారు. 1938 ఫిబ్రవరిలో గుజరాతులోని హరిపురాలో సుభాస్ బోసు అధ్యక్షతన 51వ మహాసభ జరిగినప్పుడు మళ్ళీ ఆయననే పిలిచారు. ఆ సభానగరం కోసం ఆయన, శిష్యులు వేసిన పల్లె జీవన చిత్రాలు 'హరిపురా చిత్రాలు'గా నేటికీ ప్రసిద్ధం. చిత్రాలు మిగిలాయి. వెదురు నగరాలు మిగలలేదు. వాటిని కట్టినవారి పేర్లూ మిగలలేదు.

కట్టే తీరు

మా వీధి చివర మైదానంలో ఏటా పందిరి వేసేవారు. ఆఫీసు నుంచి వచ్చాక నేను టీ గ్లాసుతో అక్కడ చేరేవాణ్ణి. ఇంజనీరింగు చదవనివాడికి కూడా తెలిసేంత స్పష్టంగా ఉండేది ఆ పని.

ఆ పనివాళ్ళు ఎక్కువగా మేదినీపూరు జిల్లా కాంథీ ప్రాంతం నుంచి వస్తారు. సముద్రతీరపు ఊళ్ళు. పొలం పనులకు విరామం దొరికినప్పుడు ముఠాలుగా కలకత్తా చేరి, డెకరేటరు అనే కాంట్రాక్టరు దగ్గర పని చేస్తారు. వెదురు, గుడ్డ డెకరేటరువి. చేతి పని వీళ్ళది.

గడలు రెండు రకాలు. 'భాల్కీ' వెదురు దళసరి గోడ కలది. నిలువు రాటలకు అది వాడతారు. 'తల్దా' పలుచన, తిన్నగా పెరుగుతుంది. బద్దలు చీల్చడానికి అది మేలు. మూడేళ్ళు నిండని వెదురు పనికిరాదు. లేత గడలో పిండి పదార్థం ఎక్కువ, పురుగు పడుతుంది. వానలు వెనకబట్టాక చలికాలంలో నరికి, కొన్ని వారాలు చెరువులో ముంచి ఉంచితే ఆ పిండి కొట్టుకుపోయి గడ నిలుస్తుంది. మన కోనసీమలో ఇల్లు కట్టే పెద్దలు చెప్పే మాటా ఇదే.

ముందు నిలువు రాటలు. మైదానమైతే గోతులు తీసి పాతుతారు. రోడ్డయితే ఇటుక ముక్కో, పలకో క్రింద పెట్టి నిలుపుతారు. తరువాత అడ్డ గడలు. ఆపైన ఐమూల గడలు. అసలు బలం ఈ ఐమూల గడలదే. నిలువు, అడ్డం మాత్రమే ఉంటే చట్రం ఒక ప్రక్కకు ఒరుగుతుంది. ఐమూలగా ఒక గడ పడిందా, ఇక కదలదు. ఎక్కడ కట్టినా కణుపును ఆనుకుని కడతారు, ముడి జారకుండా. ప్రధానమైన చట్రంలో మేకు కొట్టరు. మేకు దిగితే వెదురు నిలువునా చీలుతుంది. తాడు మాత్రమే. కొబ్బరి తాడు నీళ్ళలో నానబెట్టి మెత్తబరచి, మూడు నాలుగు చుట్లు చుట్టి, కాలు తన్నిపట్టి లాగి బిగిస్తారు.

నిచ్చెన ఉండదు. పరంజా ఉండదు. కట్టినదే వాళ్ళకు పరంజా. చెప్పులు లేని కాళ్ళతో ఒక గడను తొడల మధ్య ఇరికించుకుని, రెండు చేతులూ వదిలి ముడి వేస్తారు. క్రిందనుంచి ఒకడు గడ అందిస్తే మధ్యవాడు అందుకుని పైవాడికి ఇస్తాడు.

చట్రం లేచాక బద్దలు వంచి గుండ్రని గోపురాలు, తోరణాలు తీరుస్తారు. దానిపైన గుడ్డ. ఆ గుడ్డను చీర కుచ్చిళ్ళలా మడతలు పెట్టి గుండుసూదులతో గుచ్చుతారు. దూరానికి అది రాతి చెక్కడంలా కనిపిస్తుంది. మేస్త్రీ ఒకసారి నాకు పందిరి వెనుక భాగం చూపించాడు. అక్కడక్కడ గుడ్డ లేకుండా ఖాళీలు వదిలాడు. "ఇదెందుకు వదిలావు దాదా?" అంటే, "గాలి పోవడానికి బాబూ! దారి ఇవ్వకపోతే ఇదంతా పడవ తెరచాప అవుతుంది" అన్నాడు.

దశమి వెళ్ళగానే విప్పడం మొదలు. అవే గడలు కాళీపూజకు ఒక పేటకు, జగద్ధాత్రి పూజకు చందన్‌నగర్‌కు, ఆ తరువాత పెళ్ళి పందిళ్ళకు వెళతాయి. కొన్ని ఋతువులు తిరిగాక ఇళ్ళు కట్టేచోట ఊతానికి, చివరకు పొయ్యిలోకి. తాడు మాత్రం కోసి పారేస్తారు. ఎండకూ వానకూ ఒక పండుగ కాచిన తాడును మరి నమ్మరు. ఈ సంగతి పాఠకులు గుర్తు పెట్టుకోవాలి.

1987

ఆ మైదానం పూజా సంఘంలో నేను సహ కోశాధికారిని. సంఘం పేరు ఇక్కడ అనవసరం. ఆ తప్పు సంఘానిది కాదు, నాది.

1985లో ఒక రంగుల కంపెనీ 'శరద్ సమ్మాన్' పేరుతో మంచి పూజలకు బహుమతులు మొదలుపెట్టింది. అక్కడి నుంచి పేటల మధ్య పోటీ పెరిగింది. 1987లో మావాళ్ళు ఈసారి ఎవరూ చేయనిది చేయాలన్నారు. నేను ఉత్సాహం పట్టలేక ఇంటికి పరుగెత్తి, గోడకున్న క్యాలెండరు తెచ్చి చూపించాను. అందులో దక్షిణదేశపు గాలిగోపురం బొమ్మ ఉంది. అందరికీ నచ్చింది. అరవై అడుగులు ఉండాలన్నారు.

మేస్త్రీకి యాభై దాటి ఉంటాయి. బొమ్మను చాలాసేపు చూశాడు. అంతస్తులు వేలితో లెక్కపెట్టాడు. మైదానంలోకి వెళ్ళి మడమతో నేల తొక్కి చూశాడు. "ఈ ఏడు పూజ ముందుగా వచ్చింది, నేల ఇంకా తడి. నలభై అయిదు అడుగులు వేస్తాను" అన్నాడు. ఆ సంవత్సరం దశమి అక్టోబరు మొదట్లోనే పడింది. పని అంతా వానల్లోనే జరగాలి. కుర్రవాళ్ళు ఒప్పుకోలేదు. చివరికి యాభై అయిదుకు ఖాయమైంది.

అంచనా పత్రం నా దగ్గరకు వచ్చింది. అకౌంట్సు శాఖలో ఇరవై ఏళ్ళు ఎర్ర సిరా వాడినవాణ్ణి కదా! ఒక్కో పద్దూ చూస్తూ వచ్చాను. వెదురు అద్దె, గుడ్డ అద్దె, కూలి, గుండుసూదులు, కొత్త కొబ్బరి తాడు. నిరుటి తాడు చాలా భాగం మా సామాను గదిలో చుట్టలుగా పడి ఉంది. అప్పటి కోశాధికారి ఎవరో పొదుపుకోసం దాచారు. నేను కొత్త తాడు పద్దులో సగం కొట్టేసి, ప్రక్కన 'పాతది వాడవచ్చు' అని వ్రాసి పొడి సంతకం చేశాను. మిగిలింది మూడువందల ఎనభై రూపాయలు.

మేస్త్రీ నా దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. "బాబూ, వెదురు పాతదైనా ఫరవాలేదు. తాడు కొత్తది కావాలి" అన్నాడు. గొంతు పెంచలేదు. "సగం కొత్తదే కదా ఇస్తున్నాం దాదా! పాతది క్రింది అంతస్తులకు వాడు" అన్నాను. అతను ఇంకేమీ అనలేదు. పనివాళ్ళు బాబులతో రెండోసారి అనరు.

వానల వల్ల పని వెనకబడింది. షష్ఠి ఇంకా నాలుగు రోజులుందనగా పైన, క్రింద అన్న తేడా లేకుండా చేతికి అందిన తాడల్లా కడుతున్నారు. ఆ సాయంత్రం నేను క్రింద నిలబడి ఉన్నాను. మేస్త్రీ తమ్ముడి కొడుకు, ఇరవై ఏళ్ళవాడు, ముప్ఫై అడుగుల ఎత్తున అడ్డ గడమీద కూర్చుని ఐమూల గడ బిగిస్తున్నాడు. తాడు తెగిన చప్పుడు పెద్దదేమీ కాదు. తడిగుడ్డ చింపినట్టు వినిపించింది. వాడు మధ్యలో ఒక గడకు తగిలి, క్రింద పేర్చి ఉన్న గుడ్డ బేళ్ళ మీద పడ్డాడు. గుడ్డ లేకపోతే ప్రాణం దక్కేది కాదు. తుంటి ఎముక విరిగింది.

ఆసుపత్రి నుంచి రాత్రి పది గంటలకు తిరిగి వస్తే మైదానంలో దీపాలు వెలుగుతున్నాయి. మేస్త్రీ, మిగిలిన పదిమంది పైకెక్కి పాత తాడు కట్టిన ప్రతి ముడీ వెతికి, కోసి, కొత్త తాడుతో కడుతున్నారు. ఆ తాడు మేస్త్రీ తన అడ్వాన్సు డబ్బుతో బజారుకు మనిషిని పంపి తెప్పించుకున్నాడు. నన్ను చూశాడు. ఏమీ అనలేదు. తెల్లవారుజామున మూడింటివరకూ ఆ పని సాగింది.

షష్ఠినాటికి గోపురం నిలిచింది. జనం విరగబడి వచ్చారు. తెలుగువాళ్ళూ, తమిళులూ ఖిదిర్‌పూరు నుంచి కూడా వచ్చి, "మన ఊళ్ళో ఉన్నట్టుంది" అని చేతులు జోడించారు. నా భుజం తట్టారు. సంఘం తరఫున ఆ కుర్రవాడి ఇంటికి రెండువేల రూపాయలు చందా పోగుచేసి ఇచ్చాం. ఆసుపత్రి ఖర్చును నేను జమాఖర్చులలో 'ఇతర ఖర్చులు' క్రింద చూపించాను. సావనీరులో ధన్యవాదాల పేజీ నేనే వ్రాశాను. అధికారుల పేర్లు, దాతల పేర్లు, ప్రకటనలిచ్చిన దుకాణాల పేర్లు, చివరకు సావనీరు అచ్చు వేసిన ప్రెస్సు పేరు. పందిరి కట్టినవారిలో ఒక్కడి పేరు లేదు. డెకరేటరు పేరు మాత్రం ఉంది.

కొన్ని నెలలు మనియార్డరు పంపాను. 1989లో బదిలీ అయింది. తరువాత మానేశాను. ఎందుకు మానేశానంటే నా దగ్గర మంచి జవాబు లేదు.

తరువాతి కాలం

1990ల చివరి నుంచి పందిళ్ళ తీరు మారింది. భవనాల నకళ్ళు తగ్గి, ఒక్కో పందిరికి ఒక 'థీము' వచ్చింది. 2001లో బోస్‌పుకూరు శీతలా మందిరం పందిరిని మట్టి టీ కప్పులతో కట్టారు. అది చూడడానికి ఊరంతా కదిలింది. ఆర్టు స్కూళ్ళలో చదివినవారు పందిళ్ళు రూపొందించడం మామూలయింది. వారి పేర్లు పత్రికల్లో వస్తున్నాయి. మంచిదే. 2020లో కరోనా వల్ల కలకత్తా హైకోర్టు పందిళ్ళ లోపలికి జనం వెళ్ళకూడదంది. ఆ ఏడు బెహాలాలోని బరిషా క్లబ్బువారు అమ్మవారిని బిడ్డనెత్తుకుని ఊరికి నడిచిపోతున్న వలసకూలీ తల్లిగా నిలబెట్టారు. టీవీలో చూసి చాలాసేపు లేవలేకపోయాను. 2021 డిసెంబరులో యునెస్కో కలకత్తా దుర్గాపూజను మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. బెంగాలులో ఈ పండుగ చుట్టూ 2019లో 32,377 కోట్ల రూపాయల సృజనాత్మక వ్యాపారం జరిగిందని బ్రిటిష్ కౌన్సిల్ అధ్యయనం లెక్క కట్టింది.

కాలంతోపాటు ఇనుము కూడా వచ్చింది. ఒక్క మన దేశంలోనే కాదు. హాంకాంగు దగ్గర చెంగ్ చౌ దీవిలో ఏటా ఉత్సవానికి వెదురు గోపురాలు కట్టి, వాటికి రొట్టెలు తగిలించి, పోటీగా ఎక్కేవారు. 1978లో ఒక గోపురం కూలి జనం గాయపడ్డారు. పోటీ ఆగిపోయింది. మళ్ళీ 2005లో ఇనుప చట్రంతో మొదలైంది. వెదురు చెడ్డదని నేననను. తెగేది తాడు. తాడును తెంచేది తొందర, పిసినారితనం.

నిప్పు సంగతి మరీ ముఖ్యం. 1995 డిసెంబరు 23న హర్యానాలోని డబ్వాలీలో బడి వార్షికోత్సవం జరుగుతున్న పందిరి అంటుకుని నాలుగు వందలమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది పిల్లలు. తాత్కాలిక పందిళ్ళలో అగ్నిప్రమాదాలు రాకుండా తీసుకోవలసిన జాగ్రత్తలమీద భారతీయ ప్రమాణాల సంస్థవారి ఐ.ఎస్. 8758 అనే పత్రం ఉంది. కరెంటు తీగల క్రింద పందిరి వేయరాదని, సింథటిక్ గుడ్డ, సింథటిక్ తాళ్ళు వాడరాదని, బయటికి వెళ్ళే దారులు తగినన్ని ఉండాలని అందులో ఉంది. మనం సభ పెట్టినా, మనవరాలి పెళ్ళి చేసినా ఇవి చూసుకోవడం మన పని.

వెదురుకు కూడా చట్టంలో మార్పు వచ్చింది. 1927 నాటి అటవీ చట్టం వెదురును చెట్ల లెక్కలో వేసింది. నిజానికి అది గడ్డి జాతి. 2017లో ఆ నిర్వచనం నుంచి వెదురును తీసేశారు. అడవి కాని సొంత భూమిలో పెంచిన వెదురు నరకడానికి, తరలించడానికి ఆ చట్టం క్రింద అనుమతి అక్కరలేదు. మెట్ట భూములున్న మన సభ్యులకు ఇది ఉపయోగపడుతుందని వ్రాస్తున్నాను.

సావనీరుకు సవరణ

2004లో పదవీ విరమణ చేశాను. 2006లో మా అబ్బాయి ఉద్యోగరీత్యా కోల్‌కతాలో ఉంటే పండుగకు వెళ్ళాము. ఒక సాయంత్రం కాళ్ళు వాటంతట అవే పాత పేటకు నడిచాయి. మైదానంలో రాటలు లేచి ఉన్నాయి. క్రింద ఒక నలభై ఏళ్ళ మనిషి బల్లమీద కూర్చుని తాడు చుట్టలు విప్పుతూ, ఒక్కో మూరా వేళ్ళతో తడిమి చూస్తున్నాడు. లేచి నా వైపు రెండడుగులు వేశాడు. కుంటుతున్నాడు. నాకు తెలిసిపోయింది.

"మీరు లెక్కల బాబు కదూ!" అన్నాడు. నా నోట మాట రాలేదు. మేస్త్రీ చనిపోయి అప్పటికి ఆరేళ్ళయిందట. "పైకి ఎక్కలేను కదా బాబూ, అందుకని తాడు నాకు అప్పగించారు. నేను చూడకుండా ఒక్క తాడూ పైకి వెళ్ళదు" అన్నాడు.

"ఆనాడు తాడు పద్దు కొట్టేసింది నేనే తమ్ముడూ" అన్నాను. పంతొమ్మిదేళ్ళు లోపల ఉంచుకున్న మాట.

"పెద్దనాన్న చెప్పాడు" అన్నాడు. కాసేపు తాడు చూస్తూ ఊరుకున్నాడు. తరువాత, "ఆ గోపురం ఫోటో మీ దగ్గర ఉందా? నేను ఆసుపత్రిలో ఉండిపోయాను. పూర్తయింది చూడలేదు" అని అడిగాడు.

విశాఖపట్నం తిరిగి వచ్చి పెట్టె అడుగున వెతికితే 1987 సావనీరు దొరికింది. ఫోటో బాగానే ఉంది. పేజీ తిప్పితే ధన్యవాదాల జాబితా కనిపించింది. అలాగే పంపడానికి చేయి ఆడలేదు. అతనికి ఉత్తరం వ్రాసి ఆ ఏడు పనిచేసినవారందరి పేర్లూ తెప్పించుకున్నాను. మేస్త్రీతో కలిపి పన్నెండుమంది. ఆ జాబితా క్రింద ఖాళీ స్థలంలో, నా చేత్తో, ఎర్ర సిరాతో కాక నల్ల సిరాతో, పన్నెండు పేర్లూ వ్రాసి, తేదీ వేసి, పూర్తి సంతకం చేసి రిజిస్టరు పోస్టులో పంపాను. బారోవారి పూజ పన్నెండుమందితో మొదలైందన్న కథ నాకప్పుడు గుర్తుకు వచ్చింది.

సభ్యులకు మనవి

మనం ముప్ఫై, నలభై ఏళ్ళు పనిచేశాం. ప్రతి నెలా మొదటివారంలో బ్యాంకుకు వెళ్ళి పాసుపుస్తకం అచ్చు వేయించుకుంటున్నాం. కరువు భత్యం ఒక నెల ఆలస్యమైతే తీర్మానం చేస్తున్నాం. చేయాలి కూడా. కాని మన సభలకు పందిరి వేసేవాడికి, కుర్చీలు మోసేవాడికి అరవై దాటాక ఏమి ఉంది? అసంఘటిత కార్మికులకోసం 2019లో కేంద్రం ఒక పెన్షను పథకం పెట్టింది. పద్దెనిమిది నుంచి నలభై ఏళ్ళ లోపు చేరి నెలనెలా కొంత కడితే అరవై తరువాత నెలకు 3,000 రూపాయలు. 2021లో ఈ-శ్రమ్ నమోదు మొదలైంది. ఈ కాగితాలు నింపడం వాళ్ళకు కష్టం. మనకు అలవాటే. జీవితమంతా ఫారాలు నింపినవాళ్ళం. సంఘం కార్యాలయంలో వారానికి ఒక పూట మనలో ఇద్దరు కూర్చుంటే చాలు. ఎనభై దాటినా ఆ పూటకు నేను వస్తాను.

మరొకటి. మన వార్షికోత్సవం అంచనా పత్రం తయారు చేసేవారికి ఒక పాత అకౌంట్సు గుమాస్తా సలహా. ఎక్కడైనా కోత పెట్టండి, పూలదండల్లో పెట్టండి, శాలువల్లో పెట్టండి. తాడు దగ్గర పెట్టకండి.

ఈ ప్రత్యేక సంచిక ఆవిష్కరణ సభకు పందిరి వేసేవారి పేర్లు అడిగి తెలుసుకుని, దాతల పేర్లున్న పేజీలోనే అచ్చు వేయమని కార్యదర్శి గారిని కోరాను. వారు ఒప్పుకున్నారు. పాఠకులు దయచేసి ఆ పేజీ తిరగేయకుండా చదవాలని ప్రార్థన.